ఎవడి ముడి వాడిదే

"మొదటి గాలం నాది. ఈ ఏడాది పుల్లలూ లేవు, గిల్లలూ లేవు."

"అదేంట్రా! ఏటా పుల్లలు తీస్తాం కదా. పొడుగు పుల్ల ఎవడికొస్తే వంతెన కింది మడుగులో మొదటి వంతు వాడిది. నీకోసం కొత్త చట్టం పుట్టిందా?"

"నాకోసమే పుట్టింది. పోయినేడు ఆ చేప మన అయిదుగురి దారాలూ తెంపింది. అన్నిటికంటే ముందు తెంపింది నాది. కాబట్టి మొదటి పగ నాది."

అమెరికాలో మోంటానా కొండల కింద ఒక చిన్న ఊరు. అక్టోబరు మొదలైంది. హాల్వర్ వంటింట్లో బల్ల దగ్గర ముగ్గురున్నారు: హాల్వర్, అతని భార్య ఇర్మా, చిన్ననాటి స్నేహితుడు డ్వైట్. హాల్వర్‌కి చూపు పోతోందనీ, ఈ చలికాలం దాటితే ఎదుటి మనిషి మొహం కూడా ఆనదనీ ఊరందరికీ తెలుసు. ఇర్మాకి తప్ప ఇంకెవరికీ తెలియదన్నట్టే ఉంటాడు హాల్వర్. ఆ చేపను పట్టడానికి అతనికి మిగిలింది ఈ ఒక్క ఆకు రాలే కాలం. ఆ సంగతీ అందరికీ తెలుసు. ఏమీ తెలియనట్టు నటించాలని డ్వైట్ దారంతా తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు, పాపం.

"ఇర్మా, చూశావా నీ మొగుడి దబాయింపు?"

"నన్ను మధ్యకి లాగకండి. కాఫీ పోయమంటే పోస్తా, తీర్పు చెప్పమంటే చెప్పను."

"సరేలేరా, మడుగు నీదే. తీసుకో."

"ఏంటీ, అడగ్గానే ఇచ్చేశావ్?"

"ఇవ్వకపోతే గోల, ఇస్తే అనుమానం. ఎలా చావమంటావ్?"

"జాలి పడుతున్నావా నా మీద?"

"నీ మీదా? నీ మీద జాలి పడాలంటే ముందు నాకు మతి పోవాలి."

"ఊఁ. అయితే సరే. ఆ మాట మీదుండు. లెస్టర్‌కీ, ఆర్లోకీ, గార్త్‌కీ నువ్వే చెప్పు, మడుగు హాల్వర్‌దని."

"చెప్తాలే. వాళ్ళేం అనరు."

"ఎందుకనరు? ఎందుకనరంటున్నా? అనాలి కదా!"

"అంటారు బాబూ, అంటారు. బండబూతులు తిడతారు. సరేనా?"

"అదీ. ఏరు ఎలా ఉందట?"

"చల్లబడిందట. కొండ మీద మొదటి మంచు పడింది. పెద్ద చేపలు సరస్సులోంచి గుడ్లు పెట్టడానికి ఏట్లోకి ఎక్కుతున్నాయని గార్త్ అన్నాడు."

"ఎక్కుతాయి. ఎక్కక ఏం చేస్తాయి? అదీ ఎక్కుతుంది. అది వంతెన దాకా వచ్చి ఆగుతుంది, ఇంకా ఎగువకి పోదు. నాకు తెలుసు దాని బుద్ధి."

"నీకు చెప్పి వచ్చినట్టు మాట్లాడుతున్నావ్."

"నవ్వు. నవ్వుతూ ఉండు. ఇంక బండి నేను నడుపుతా."

"నువ్వా?"

"ఏం ఇర్మా, అలా అన్నావేం?"

"ఏం లేదు. గ్యారేజీ తలుపు గుర్తొచ్చింది."

"ఆ తలుపు మొదట్నించీ వంకరే! నేను గుద్దకముందు కూడా వంకరే. అయినా నేనన్నది, బండి నాది, నడిపేది డ్వైట్ అని. అంతే కదా అన్నాను?"

"అంతే అన్నావు."

"అంతే అన్నాడు ఇర్మా. నేనూ విన్నా."

"మీరిద్దరూ అలా ఒకేసారి తలాడించకండి, నాకు ఒళ్ళు మండుతుంది. ఏటి ఒడ్డు కొయ్య గదిలో రెండంతస్తుల మంచంలో కిందిది నాది. లెస్టర్ పైకెక్కాలి."

"లెస్టర్ మోకాళ్ళు పైకెక్కేవేనా? వాణ్ణి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి, దించాలంటే ముగ్గురు కావాలి."

"అయితే నేల మీద పడుకోమను. వాడి గురకకి ఎలుకలు కూడా వేరే గది చూసుకుంటాయి. ఎలుగుబంటి వస్తే చిమ్మే మందు ఎవరు తెస్తారు?"

"ఆర్లో. పోయినేడు గాలికి ఎదురుగా కొట్టి తన కళ్ళలోనే పోసుకున్నాడు కదా, ఈసారి వద్దంటే నేనే తెస్తానని పంతం."

"దేవుడా! ఎలుగు కూడా చూసి నవ్వుకుని పోయింది ఆ రోజు. సరే, తిండి?"

"ఇర్మా చేసే మాంసం చిక్కుళ్ళ కూర, దాల్చినచెక్క రొట్టెలు. అవి లేకపోతే లెస్టర్ రాడు."

"చేసి పెడతా. కాని అక్కడ వేడి చేసేదెవరు? పొయ్యి ఎవరు చూస్తారు?"

"పొయ్యి..."

"పొయ్యి సంగతి..."

"ఏంటి, ఇద్దరూ పొయ్యి పొయ్యి అంటూ ఆగిపోయారు?"

"తన గాలానికి తాను ముడి వేసుకోలేనివాడు పొయ్యి దగ్గర. అది కదా నియమం."

"ఈ ఏడు అందరం వేసుకోగలం కదా?"

"అందరం వేసుకోగలం."

"నువ్వూ?"

"నేనెందుకు వేసుకోలేను? నువ్వు?"

"నాకేం? నిక్షేపంగా."

"అయితే పొయ్యి దగ్గర ఎవరూ లేరన్నమాట. అయిదుగురూ ఆకలితో చస్తారన్నమాట. మంచిదే."

"మనతో వచ్చే ఓల్సన్ ముసలాయన ఉండుంటే బాగుండేది. ఆయన చేతి రొట్టె..."

"ఆయన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది నువ్వే హాల్వర్."

"నేను కాదు. నియమం కూర్చోబెట్టింది."

"నియమం పెట్టింది నువ్వే."

"పెట్టా! ఎవడి ముడి వాడిదే అన్నా. తప్పా? చేపకీ మనిషికీ మధ్య ఉండేది ఆ ఒక్క ముడి. అది కూడా పక్కవాడి చేత వేయించుకుంటే ఇంక పట్టిన చేప ఎవడిది? చెప్పు."

"తప్పనలేదు. మళ్ళీ రాలేదు ఆయన, అంతే."

"రాలేదు."

"ఆ చలికాలమే పోయాడు."

"తెలుసురా. శవపేటిక మోసినవాళ్ళలో నేనూ ఉన్నా. కాఫీ చల్లారింది ఇర్మా."

"చల్లారలేదు. నువ్వు తాగలేదు."

"డ్వైట్, మళ్ళీ చెప్పు. తోక చూశావు కదా?"

"చూశా."

"ఎంతుంది?"

"పారంత."

"పోయినేడు చిన్న పారంత అన్నావ్."

"ఏడాదిలో పెరగదా మరి?"

"పెరుగుతుంది. పెరగాలి. నీళ్ళు తోడేసినట్టు తోడేసింది కదా నీ దారాన్ని?"

"తోడేసింది."

"నాదీ అంతే. ఉండు, కొత్త గాలపు కర్ర చూపిస్తా. చూస్తే నీ కళ్ళు కుడతాయి."

"మెట్టు చూసుకో హాల్వర్..."

"ఆ మెట్టు నా పెళ్ళినాటి నుంచీ అక్కడే ఉంది ఇర్మా! ఇవాళ కొత్తగా లేచి పారిపోదు."

హాల్వర్ గోడ పట్టుకుంటూ పెరట్లో కొట్టం వైపు వెళ్ళాడు. కొట్టం తలుపు చప్పుడయ్యే దాకా ఆగి, డ్వైట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇర్మా, నావి అయ్యాయా?"

"ఏవి?"

"ఏవేమిటి! నా ఈగలు. చేపలకి ఎరగా ఈకలతో చేసిన ఆ ఉత్తుత్తి ఈగల పెట్టె వేసవిలో నీకిచ్చాగా?"

"మెల్లిగా! కళ్ళు పోయాయి గాని చెవులు పాము చెవులు ఆయనవి."

"పోయినేడు చేసినట్టే. ఒక్కో కొక్కేనికీ జానెడు దారం ముడివేసి, అవతలి కొసకి ఉచ్చు పెట్టి ఇస్తే చాలు. ఏటి దగ్గర ఉచ్చు తగిలించుకుంటా, పక్కనున్నవాడికి కూడా తెలియదు. చూడు నా చేతులు. కప్పెత్తితే సగం కాఫీ నేలే తాగుతోంది. ఈ చేతులతో ఆ సన్న బెజ్జంలోకి దారమా!"

"దుకాణంలో ఏదో పనిముట్టు అమ్ముతున్నారటగా. దారం దానంతటదే ఎక్కుతుందట. కొనుక్కోరాదూ?"

"కొంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ దుకాణం ముందు బెంచీ మీద పొద్దున్నించీ కూర్చునేదెవరు? లెస్టర్. నన్ను చంపుకు తింటాడు."

"ఈ ఏడు నన్ను వదిలెయ్ డ్వైట్."

"అయ్యో, అలా అనకు. ఏం, కోపం వచ్చిందా? పోయినేటి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఏ సంగతి?"

"ఏం లేదు."

"ఏ సంగతి డ్వైట్?"

"ఏం లేదన్నాగా. ముడి కాస్త బిగించి వెయ్యి ఈసారి, అంతే. ఎప్పుడూ బిగించే వేస్తావనుకో. ఇంకాస్త."

"జారిందా?"

"నిన్ననాలని కాదు..."

"జారిందా లేదా?"

"జారింది."

"ఆ చేప తెంపిందన్నావ్!"

"తెగితే దారం కొస తిన్నగా ఉంటుంది ఇర్మా, కత్తిరించినట్టు. నాది పందితోకలా సుడి తిరిగి ఉంది. సుడి తిరిగిందంటే ముడి జారిందనే. నా వెనకే నిలబడ్డాడు ఆర్లో. ముడి జారిందంటే ఎవరు వేసిందనే మాట వస్తుంది. గబుక్కున ఆ కొస కొరికి ఉమ్మేసి, తెంపిందిరా దేవుడోయ్ అని అరిచా."

"మరి తోక?"

"తోక లేదు."

"పారంత తోక!"

"నీళ్ళు కదిలాయి. అంతవరకు చూశా. ఆ ముడి జారడానికి పెద్ద చేపే అక్కర్లేదు, అరచేయంతదైనా చాలు."

"నాకొక్కరూ చెప్పలేదే... నా వేళ్ళు డ్వైట్. కీళ్ళు బిగుసుకుపోతున్నాయి. బెజ్జంలోకి దారం ఎక్కించేస్తా, కళ్ళు బాగానే ఉన్నాయి. లాగి బిగించేటప్పుడే పట్టు చిక్కదు. బిగిసిందనుకున్నా. పళ్ళతో కూడా లాగా. బిగిసిందనే అనుకున్నా."

"ఛ, ఏడవకు. ఒక్క నాదే కదా జారింది. లెస్టర్‌ది తెంపింది, ఆర్లోది తెంపింది, గార్త్‌ది తెంపింది. హాల్వర్‌ది సరేసరి. చేపైతే ఉంది కదా! నాది జారితే నా ఖర్మ, నీదేం పోయింది."

"హాల్వర్‌వి ఎవరు కడుతున్నారనుకున్నావ్?"

"వాడి కళ్ళకి... నువ్వే అయ్యుంటావ్లే. అది నేను ఊహించా."

"లెస్టర్ పోయినేడు ఆగస్టులో వచ్చాడు. వెనక గుమ్మంలోంచి."

"లెస్టరా?"

"బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని."

"వాడా! చేతులు వణికే ముసలాళ్ళు పొయ్యి దగ్గరుండాలని నా మొహం మీదే అన్నాడే!"

"ఆర్లో చర్చి మెట్ల మీద నా సంచిలో వేసి, ఇటు చూడకుండా పోయాడు."

"ఆర్లో కూడానా?"

"గార్త్ వాళ్ళావిడ కేకు తెచ్చింది. కేకు కింద పెట్టె."

"కేకు కింద."

"అయిదుగురివీ నేనే కట్టా డ్వైట్. అయిదుగురివీ ఈ వేళ్ళే."

"ఉండు ఉండు. అంటే పోయినేడు మడుగులో..."

"అనకు."

"ఎవడి దారమూ తెగ..."

"అనకన్నానా! నాకు అర్థమైంది. నువ్వు పైకి అంటే నేను తట్టుకోలేను."

"అయిదుగురం. ఒకణ్ణి చూసి ఒకడు. ఓరి దేవుడా."

"నవ్వొస్తోందా నీకు?"

"నవ్వు కాదు ఇది."

"ఇంక చేసేదేం లేదని డాక్టరు చెప్పిన రోజు, ఆస్పత్రి బయటికొచ్చి ఆయన ఏమన్నాడో తెలుసా? 'ఈ చూపు అక్టోబరు దాకా ఆగితే చాలు ఇర్మా' అన్నాడు. నేను ఏడిస్తే కసిరాడు. పొద్దున లేస్తే ఆ చేప, పడుకుంటే ఆ చేప. తెల్లారి లేవడానికి ఆయనకి ఇంకో కారణం లేదు డ్వైట్. నేను కూడా కాదు. అది కూడా చెప్తున్నా నీకు."

"అయితే చెప్పొద్దు. వెళ్ళి నాలుగు రోజులు కూర్చుని వస్తాం."

"కూర్చుంటాడా ఆయన? నడుం లోతు నీళ్ళలోకి దిగుతాడు. కాలి కింద రాయి కనపడదు, ఎదుట ప్రవాహం కనపడదు. లేని చేప కోసం మునిగిపోతే ఎవరు తెచ్చిస్తారు నాకు? లెస్టర్ మోకాళ్ళా, నీ చేతులా?"

"నువ్వే చెప్పు. భార్యవి."

"నేను చెప్పాలంటే నా వేళ్ళ సంగతి చెప్పాలి. ఈ ఇంటికి ఒక జబ్బు చాలు. నువ్వు చెప్పు. నీ ముడి జారిందని ఒక్క మాట అను. మిగతాది ఆయనే తెలుసుకుంటాడు."

"నా వల్ల కాదు ఇర్మా."

"పారంత తోక అల్లడం నీ వల్ల అయిందిగా! ఇదీ అవుతుంది. ఇవాళే చెప్పు. ఇదుగో, వస్తున్నాడు."

"ఏంటి, గుసగుసలు? నా గురించేనా?"

"నీ గురించి గుసగుసలెందుకు? మొహం మీదే అంటాం."

"ఇదుగో కర్ర. పట్టుకుని చూడు. ఎలా ఉంది?"

"బాగుందిరా. ఈకంత తేలిగ్గా ఉంది."

"ఇర్మా, ఏంటి గొంతు పూడుకుపోయినట్టుంది?"

"ఉల్లిపాయలు తరుగుతున్నా."

"వాసన రావట్లేదే."

"ఇంకా మొదలెట్టలేదు. వెళ్ళు, డ్వైట్‌ని బండి దాకా దిగబెట్టిరా. నీతో ఏదో చెప్పాలట."

ఇద్దరూ బయటికి వచ్చారు. కొండ మీద నుంచి గాలి కొడుతోంది. వాకిలి దాటేటప్పుడు హాల్వర్ స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్ళకది చనువులాగే ఉంటుంది. ఆ చెయ్యి ఎంత బరువుగా ఆనిందో డ్వైట్‌కే తెలుసు.

"హాల్వర్, నీకో మాట చెప్పాలి."

"ముందు నాది విను. ఇర్మా తలుపు వేసిందా?"

"వేసింది."

"కిటికీ దగ్గరుందా?"

"ఆ... లేదు."

"సరిగ్గా చూసి చెప్పు. నాకు కనపడదు."

"ఏంటన్నావ్?"

"కనపడదన్నా. బండి దగ్గర నుంచి కిటికీ కనపడదు. నీ మొహం ఉండాల్సిన చోట బూడిద ముద్ద ఉంది. ఇంక నటించకురా, నీకు నటన రాదు. చిన్నప్పుడూ రాలేదు."

"నేను..."

"ఆగు. ఇది ఒక్కసారే చెప్తా, మళ్ళీ చెప్పను. నా ఈగలకి ముడి వేసేది ఇర్మా."

"పోనీలేరా."

"పోనీ ఏంటి పోనీ! తిట్టు. ఓల్సన్ ముసలాయన్ని పొయ్యి పాలు చేసి, నేను పెళ్ళాం చేత ముళ్ళు వేయించుకుంటున్నా. తిట్టరా, ఊరికే నిలబడకు."

"తిట్టను. నన్ను తిట్టమనకు. నాకా అర్హత లేదు."

"అర్హతకేం? సరే, అది కాదు. తన వేళ్ళు పోయాయి డ్వైట్. నాకు తెలియదనుకుంటోంది. జాడీ మూత రాకపోతే తెచ్చి నా ఒళ్ళో పెడుతుంది, 'మగాడివి కదా, తియ్యి' అంటుంది, ఏదో సరసమాడినట్టు. ముడి బిగించడం తన వల్ల కావట్లేదు. ఈ మాట తనకి చెప్పావంటే నీ పీక పిసుకుతా. నాకోసం చేయగలిగింది అదొక్కటే మిగిలిందనుకుంటోంది, అనుకోనీ."

"చెప్పను."

"అందుకే నిన్ను అడుగుతున్నా. పుట్టి బుద్ధెరిగాక నిన్నేమీ అడగలేదు. మడుగు దగ్గర, మిగతావాళ్ళు ఇటు చూడనప్పుడు, ఒక్క ఈగకి నువ్వు ముడి వేసిపెట్టు. ఒకే ఒక్కటి. మనందరిలో గట్టి చెయ్యి నీది."

"నా చెయ్యా?"

"వేస్తావా, లేదా?"

"హాల్వర్, నేను..."

"వేస్తావా?"

"వేస్తాలే."

"ఏదీ, చేతిలో చెయ్యి వెయ్యి. జేబులోంచి తియ్యరా... అదేంటి, అలా వణుకుతోంది?"

"చలి."

"అవును, చలి ముదిరింది. మంచిదే, చేపలకి ఇదే కావాలి. ఇంతకీ నువ్వేదో చెప్పాలన్నావ్."

"ఏం లేదు. అది... ఒకవేళ ఆ చేప లేకపోతే?"

"ఉంది."

"ఒకవేళ అంటున్నా. నీ ముడి కూడా... అంటే, చూసుకోకుండా..."

"జారిందంటావా? జారిందిరా. అంత వెర్రివాణ్ణనుకున్నావా? దారం కొస వేళ్ళతో తడిమి చూసుకున్నా, సుడి తిరిగి ఉంది. నా దాన్ని ఏ చేపా తెంపలేదు. అక్కడికక్కడే కర్ర విరిచి పొయ్యిలో పెడదామనుకున్నా, నిజం చెప్తున్నా. అప్పుడే నువ్వు తెంపిందిరా దేవుడోయ్ అని అరిచావ్. తర్వాత లెస్టర్ అరిచాడు, ఆర్లో, గార్త్. నా మాట అబద్ధమే, ఒప్పుకుంటా. మీరు నలుగురూ నిజం చెప్పారు చూడు, అది నమ్మే ఈ ఏడాది బతికాను."